సీటులో ఏదో ఉంది

షోరూమ్‌లో అమ్మ కారు చుట్టూ తిరిగి చూస్తుంటే, ఇన్‌స్పెక్టర్ మాత్రం నేల మీద కూర్చుని కారు కిందకి తొంగి చూస్తోంది.

“అక్కడేముందే?” అంది అమ్మ.

“బ్యాటరీ కింద ఉంటుందన్నారుగా. ఉందో లేదో చూసుకోవద్దూ?”

ఈ ఇన్‌స్పెక్టర్ పోలీసేమీ కాదు. ఐదో తరగతి చదివే పిల్ల. పాలప్యాకెట్ మీద తేదీ చూడందే గ్లాసు ముట్టుకోదు. ఎవరైనా చాక్లెట్ ఇస్తే థాంక్స్ చెప్పదు, ముందు “ఎందుకు?” అని అడుగుతుంది. అందుకే ఇంట్లో ఆ పేరు పడిపోయింది. ఆ పేరంటే ఆ పిల్లకి లోలోపల గర్వం కూడాను.

వాళ్ళు చూడటానికి వచ్చింది కరెంటుతో నడిచే ఏడు సీట్ల పెద్ద కారు. ఇంట్లో ఉన్న పాత కారులో ఐదుగురే పడతారు. అమ్మ, నాన్న, ఇన్‌స్పెక్టర్, ఇద్దరు కవల తమ్ముళ్ళు. ఎక్కడికి బయల్దేరినా నానమ్మ గుమ్మంలో నిలబడి, “నాకు ప్రయాణాలు పడవులే, మీరు వెళ్ళి రండి,” అనేది. ఈ సెలవుల్లో మాత్రం అందరూ కలిసి నానమ్మ చెల్లెలి ఊరు వెళ్ళాలనుకున్నారు. ఆ అక్కచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకుని ఏళ్ళయింది. కారు నచ్చితే అమ్మ ఈ రోజే బుక్ చేస్తుంది.

నానమ్మని కూడా వెంట తీసుకొచ్చారు. నిద్రపోతున్న తమ్ముళ్ళకి కాపలాగా నాన్న ఇంట్లో ఉండిపోయాడు. వాళ్ళని కారులో కూర్చోబెట్టే చిన్న సీట్లు రెండూ అమ్మ వెంట తెచ్చింది. సరిగ్గా పడతాయో లేదో చూడాలని వాటిని మధ్య వరుసలో బిగించింది. పక్కన ఇంకొక్క సీటే మిగిలింది.

“కిటికీ పక్క సీటు నాది,” అంది ఇన్‌స్పెక్టర్ వెంటనే. “నానమ్మ చివరి వరుసలో. అక్కడ ఇంకో సీటు కూడా ఖాళీనే. దర్జాగా కూర్చోవచ్చు.”

కారు చూపిస్తున్న షోరూమ్ అక్క కాస్త తటపటాయించింది. “చివరి వరుస పిల్లలకైతే బాగుంటుంది మేడమ్. బ్యాటరీ వల్ల అక్కడ నేల ఎత్తుగా ఉంటుంది. పెద్దవాళ్ళకి మోకాళ్ళు పైకి లేస్తాయి. ఒకసారి చూసుకోండి.”

ఇన్‌స్పెక్టర్ కళ్ళు చిన్నవయ్యాయి. సొంత కారుకి వంక పెట్టేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా? అమ్మ చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

“అమ్మా, నమ్మకు. ఇది బాగాలేదంటే ఇంకా ఖరీదైనది అంటగట్టొచ్చు. మన చెవిలో పువ్వు పెడుతోంది.”

“మెల్లగా. వినిపిస్తుంది,” అంది అమ్మ.

“నాకేం, నేను కూర్చుంటాలే,” అంటూ నానమ్మ అప్పటికే తలుపు పట్టుకుంది. షోరూమ్ అక్క మధ్య సీటుని ముందుకి వంచి దారి చేసింది. నానమ్మ ఒక కాలు లోపల పెట్టి, కాసేపు ఆగి, తర్వాత రెండో కాలు పెట్టింది.

అమ్మ స్టీరింగ్ పట్టుకుంది. పక్కన షోరూమ్ అక్క కూర్చుంది. కారు చప్పుడు లేకుండా కదిలింది.

ఇన్‌స్పెక్టర్‌కి అదీ నచ్చలేదు. ఇంత పెద్ద కారు ఇంత నిశ్శబ్దంగా పోతుంటే ఏదో దాస్తున్నట్టే ఉంది. ముందున్న తెర మీద, ఇంకా ఎంత దూరం వెళ్ళొచ్చో అంకెల్లో కనిపిస్తోంది. ఆ పిల్ల కళ్ళలో వత్తులు వేసుకుని దాన్నే చూసింది. వంతెన ఎక్కుతుండగా అంకె గబగబా తగ్గింది.

“అక్కా, మనం వచ్చింది కొంచెమే. అది అంత తగ్గిందేం?”

“ఎత్తు ఎక్కుతున్నాం కదమ్మా, ఎక్కువ చార్జింగ్ తాగుతుంది. దిగేటప్పుడు కాస్త వెనక్కి వస్తుంది.”

దిగేటప్పుడు నిజంగానే అంకె కాస్త పెరిగింది. అయినా ఇన్‌స్పెక్టర్ తల ఊపలేదు. అంత తేలిగ్గా ఒప్పుకుంటే ఇక ఇన్‌స్పెక్టర్ ఎందుకు?

సీటు పక్కన ఒక మీట కనిపించింది. లాగితే సీటు వెనక్కి జరిగింది. ఇంకోటి లాగితే వీపు వెనక్కి వాలింది. ఆ పిల్ల రెండింటినీ చివరిదాకా లాగి, కాళ్ళు బార్లా చాపుకుంది.

“నానమ్మా, వెనక ఎలా ఉంది?”

“హాయిగా ఉంది తల్లీ. నువ్వు బాగా కూర్చో.”

పాలప్యాకెట్‌ని కూడా నమ్మని పిల్ల, ఆ మాటని మాత్రం ఇట్టే నమ్మేసింది.

కాసేపటికి వీపుకి ఏదో గట్టిగా తగిలింది. ఒకటి కాదు, రెండు. కారు గతుకులో పడినప్పుడల్లా పొడుస్తున్నాయి.

“అక్కా, ఈ సీటులో ఏదో ఉంది. లోపల రెండు గడ్డలు. ఇది కొత్త సీటేనా?”

“కొత్తదేనమ్మా. షోరూమ్‌కి వెళ్ళగానే చూపిస్తాను.”

ఆ మాట పూర్తయ్యేసరికి గడ్డలు రెండూ మాయం. ఇన్‌స్పెక్టర్ వీపుని అటూ ఇటూ రుద్ది చూసింది. ఏమీ లేదు. అనుమానం ఒక్కసారిగా రెట్టింపైంది.

“అమ్మా, సీటులో లోపం ఉంది. అడగ్గానే మాయమైంది. ఈ అక్కకి తెలుసు, చెప్పట్లేదు.”

షోరూమ్ అక్క ముఖం చిన్నబోయింది. “ఈ కారు గురించి నేనేమీ దాచలేదమ్మా,” అని మాత్రం అంది. అద్దంలోంచి అమ్మ ఉరిమి చూసింది.

షోరూమ్‌కి రాగానే అమ్మ చెయ్యి అందిస్తే నానమ్మ దిగి, మెల్లగా వెళ్ళి కుర్చీలో కూర్చుంది. మెకానిక్‌ని పిలవడానికి షోరూమ్ అక్క లోపలికి వెళ్ళింది. ఆవిడ వెంట అమ్మ కూడా వెళ్ళింది.

వాళ్ళు వచ్చేలోపు రుజువు పట్టుకోవాలి. ఇన్‌స్పెక్టర్ చివరి వరుసలోకి దూరి, తన సీటు వీపుని వెనక నుంచి చూసింది. దాని జేబులో కారు బొమ్మలున్న నున్నటి పుస్తకం ఉంది. ఆ అట్ట రెండు చోట్ల గుండ్రంగా లోపలికి నొక్కుకుపోయి ఉంది. పక్కపక్కనే రెండు గుంటలు.

ఆ పిల్ల నానమ్మ కూర్చున్న చోట కూర్చుంది. తన మోకాళ్ళకీ ముందు సీటుకీ మధ్య బెత్తెడు చోటు ఉంది. నానమ్మ కాళ్ళు తన కాళ్ళకంటే పొడుగు. ఆ గుంటల మీద చెయ్యి పెట్టి చూసింది. ఒక్క గెంతులో కారు దిగింది.

పరుగెత్తుకెళ్ళేసరికి నానమ్మ రెండు చేతులతో మోకాళ్ళు రుద్దుకుంటోంది. మనవరాలిని చూడగానే చేతులు తీసేసింది.

“నానమ్మా, వెనక నిజంగా హాయిగా ఉందా?”

“ఉందన్నానుగా.”

“నా వీపుకి తగిలినవి నీ మోకాళ్ళు.”

నానమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “గుచ్చుకుంటోందన్నావు కదా, కాళ్ళు పక్కకి తిప్పేసుకున్నాను. మీ అమ్మతో అనకు. ఇరుకని తెలిస్తే కారు వద్దంటుంది. అప్పుడు నేను మళ్ళీ గుమ్మంలోనే. చెల్లిని చూడాలని ఉందే.”

“ప్రయాణాలు పడవన్నావుగా?”

“కారులో చోటు లేదని తెలిసీ, పడతాయని ఎలా అంటాను తల్లీ?”

ఇన్‌స్పెక్టర్ కారు వైపు తిరిగి చూసింది. ఎంత పప్పులో కాలేసింది! సీటు వెనక్కి లాగింది తను. మాట పడింది షోరూమ్ అక్క. నొప్పి పడింది నానమ్మ. చాలా సిగ్గేసింది.

అమ్మ, షోరూమ్ అక్క, చేతిలో టార్చిలైటుతో మెకానిక్ వస్తున్నారు. ఆ పిల్ల వాళ్ళకి ఎదురెళ్ళింది.

“సీటులో ఏమీ లేదు. అవి నానమ్మ మోకాళ్ళు. నేనే సీటు చివరిదాకా లాగాను.” కాసేపు నేల చూపులు చూసింది. “అక్క మొదటే చెప్పింది. నేనే అబద్ధమన్నాను. సారీ అక్కా.”

షోరూమ్ అక్క ఊపిరి పీల్చుకుని నవ్వేసింది. “పర్లేదులే. కానీ నీలాంటివాళ్ళు రోజూ వస్తే మాత్రం మా మెకానిక్ ఉద్యోగం మానేస్తాడు.”

అమ్మ నానమ్మ వైపు తిరిగింది. “అత్తయ్యా, నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా.”

నానమ్మ చీమ కుట్టినట్టైనా లేకుండా పైకప్పు చూస్తూ కూర్చుంది.

“అమ్మా, అప్పుడే బుక్ చెయ్యకు. ఇంకో రౌండ్ వెళ్దాం,” అంది ఇన్‌స్పెక్టర్. “ఈసారి కిటికీ సీటు నానమ్మది.”

ఎవరూ చెప్పకుండానే ఆ సీటుని పూర్తిగా ముందుకి జరిపి, చివరి వరుసలోకి ఎక్కి, నానమ్మ వెనక కూర్చుని బెల్టు పెట్టుకుంది. అక్కడి నుంచి తెర కనిపించదు. కిటికీ చిన్నది. నానమ్మ తల, దాని పక్కన కొంచెం రోడ్డు, అంతే కనిపిస్తున్నాయి.

“నానమ్మా, మోకాళ్ళు ఎలా ఉన్నాయి?”

“బాగానే ఉన్నాయి.”

“ఇంకోసారి అడుగుతున్నా. నిజం చెప్పు.”

నానమ్మ సీటులో అటూ ఇటూ సర్దుకుంది. “కాస్త వెనక్కి జరిగితే ఇంకా బాగుంటుంది,” అంది చివరికి. “కానీ నీకు ఇరుకవుతుంది.”

“నీ కుడిచేతి కింద మీట ఉంది, లాగు.”

సీటు భయం భయంగా వెనక్కి జరిగి ఆగింది.

“ఇంకొంచెం రా నానమ్మా,” అంది ఇన్‌స్పెక్టర్. “తగిలితే నేను చెప్తాగా.”