ఇంకో పార్టీ

"దిగండి."

"దిగను."

"నేను టెస్ట్ డ్రైవ్‌కి ముందే చెప్పుకుని వచ్చానండీ."

"నేను చెప్పుకోకుండానే వచ్చాను. కానీ ముందొచ్చాను."

ఎర్ర రంగు, రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. డ్రైవర్ సీట్లో ఒకమ్మాయి స్టీరింగ్‌ని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. నేను తెరిచిన తలుపు పట్టుకుని బయట నిలబడ్డాను. అదొక పెద్ద షోరూములో పాత కార్లు అమ్మే విభాగం. చల్లటి ఏసీ, తళతళలాడే గచ్చు. నేను లిఫ్టులు బాగుచేసే మనిషిని. పొద్దున్నే ఒక ఆస్పత్రి లిఫ్టు మొరాయిస్తే దాన్ని దారిలో పెట్టి, చేతులు సరిగ్గా కడుక్కోకుండానే, జేబు మీద లిఫ్టు కంపెనీ పేరున్న చొక్కాతోనే పరిగెత్తుకొచ్చాను. పోట్లాడే ఓపిక ఎక్కడిది?

మెడకి టై బిగించుకున్న సేల్స్‌మన్ పరుగున వచ్చాడు. "చెప్పాను కదా సార్, ఇంకో పార్టీ కూడా చూస్తున్నారని."

చెప్పాడు. పాత కార్లు అమ్మే ప్రతివాడూ చెప్పే మాటే అది. ఇంకో పార్టీ అడ్వాన్సు పట్టుకుని తిరుగుతోంది, మీరు ఊ అనకపోతే సాయంత్రానికి బండి ఉండదు అంటారు. దయ్యాన్ని గురించి చెప్పేవాళ్ళే గానీ చూసినవాళ్ళు లేనట్టు, ఆ పార్టీని కూడా ఎవరూ చూడలేదు. నేను చూశాను. చెవులకి చిన్న రింగులు, కళ్ళ కింద నలుపు, మొహం నిండా మొండితనం.

"ఇంకో పార్టీ అంటే మీరేనా?" అన్నాను.

"నాకు మీరే ఇంకో పార్టీ అని చెప్పాడే ఈయన!"

ఇద్దరం టై వైపు చూశాం. టై సర్దుకున్నాడు.

చివరికి ముందు ఆమె, తర్వాత నేను నడపాలని తేలింది. ఆమె నడిపినప్పుడు పక్క సీట్లో టై కూర్చున్నాడు. నేను నడిపినప్పుడూ టైయే కూర్చున్నాడు. తాళం ఇస్తే వెంట మనిషి ఉండాల్సిందేనట, అది వాళ్ళ రూలు. బండి దిగి నా పక్కనుంచి వెళ్తూ ఆమె మెల్లగా అంది, "రెండో గేరు పడటం లేదు. జాగ్రత్త."

నిజంగానే పడలేదు. బయటికొచ్చాక అడిగాను. "నాకెందుకు చెప్పారు? నేను కొనేసి ఉంటే మీకు పోటీ తప్పేదిగా?"

"మీ మొహం చూస్తే, ఏదో ఒకటి కొనేసి ఇంటికెళ్ళి పడుకుందాం అన్నట్టుంది. జాలేసింది."

నా మనసులో ఉన్నది అంత సూటిగా మా అమ్మ కూడా ఎప్పుడూ చెప్పలేదు.

తర్వాతి ఆదివారం రోడ్డు పక్కన రేకుల షెడ్డులో మళ్ళీ కనిపించింది. అక్కడ కార్లన్నీ చక్రాలకి నల్ల రంగు పూసుకుని, పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు వరసగా ఉన్నాయి. షెడ్డు ఓనరుకి ప్రతి బండీ "డాక్టరు గారు వాడిన బండి." నేను మ్యాటు ఎత్తి చూశాను, కింద బురద ఎండిపోయి ఉంది.

"ఈ డాక్టరు గారు వరదలో వైద్యం చేశారా?" అంది వెనకనుంచి.

"ఓ, ఇంకో పార్టీ గారు!"

"పైన పటారం, లోన లొటారం. పదండి లిఫ్టు గారూ, టీ తాగుదాం. నా కాళ్ళు పడిపోతున్నాయి."

టీ దగ్గర తెలిసింది, ఆమె కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేస్తుందని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక గాజుబిళ్ళ మార్చి ఇంకోటి పెడుతూ, "ఇది బాగుందా? ఇప్పుడు? మరి ఇప్పుడు?" అని అడగడమే ఆమె పని.

"ఇంటికెళ్తే మావాళ్ళు నన్నడుగుతారు," అంది. "ఈ చీర బాగుందా, ఆ రంగు బాగుందా, తమ్ముడికి ఈ కాలేజీ బాగుందా అని. మా ఇంట్లో ఎవరికీ సొంత కళ్ళు లేవు. పోయినేడాది ఓ చిన్న కారు కొనుక్కున్నాను. సాయంత్రానికల్లా అది ఇంటిల్లిపాదిదీ అయిపోయింది. వెనక సీట్లో ముగ్గురు తమ్ముళ్ళు, ముందు మా నాన్న, ఆయన ఒళ్ళో ఆయన సంచి."

"అందుకని రెండు సీట్లదా?"

"అవును. 'నేనూ వస్తా' అని ఎవరూ అనలేని బండి కావాలి. మీకో?"

నేను నవ్వాను. నా సంగతీ అంతే. లైసెన్సు వచ్చిన నాటి నుంచీ మా ఏడు సీట్ల బండికి నేనే జీతం లేని డ్రైవర్ని. పిన్నికి నడుం నొప్పంటే నేను, అత్తయ్యకి పెళ్ళంటే నేను, అక్కకి అలకొచ్చి పుట్టింటికి రావాలంటే నేను, అలక తీరి వెళ్ళాలంటే మళ్ళీ నేను. ఇరుకు సీట్లో ఎవరూ పట్టని బండి ఒకటి సొంతంగా కొనుక్కుని, ఎవర్నీ ఎక్కడా దింపే పని లేకుండా ఒక్క సాయంత్రం తిరగాలి. అంతకుమించి కోరిక లేదు.

"అయితే మనిద్దరం ఒకే రోగానికి మందు వెతుక్కుంటున్నాం," అంది.

ఆ రోజే ఒప్పందం కుదిరింది. పోటీ పడేకంటే ఇద్దరం కలిసి చూద్దాం. లోపాలు ఒకరికొకరు చెప్పుకుందాం.

"ఇద్దరికీ ఒకే బండి నచ్చితే?"

"ఆ ముచ్చట తీరేలా లేదు లెండి," అంది నీరసంగా.

తీరేలానే లేదు మరి. ఒక ఆదివారం బ్రోకరు. ఆయనకి షాపూ లేదు, షెడ్డూ లేదు, ఉన్నదల్లా ఫోను. స్కూటరు మీద వచ్చి, మమ్మల్ని ఎవరివో అపార్ట్‌మెంట్ల కింద తిప్పి, ఎవరివో కార్లు తనవన్నట్టు చూపించాడు. మూడో కారు దగ్గర దాని అసలు యజమాని కిందికి దిగి, "అమ్ముతానని నీకెవడు చెప్పాడయ్యా?" అని ఎగబడ్డాడు. ముగ్గురం పరుగు లంకించుకున్నాం. ఇంకో ఆదివారం వేలంపాట యార్డు. దెబ్బ తిన్న కార్లన్నీ ఎండలో వరసగా పడి ఉన్నాయి. వాటి మధ్య తిరిగి తిరిగి, ఆమె ఒక కారు బానెట్ మీద తల ఆనించి నిలబడిపోయింది. "దీనికంటే నాకే మరమ్మతు ఎక్కువ అవసరం లిఫ్టు గారూ," అంది.

మా బావ మాత్రం ఊరుకునేవాడు కాదు. "నువ్వు కారు కొంటున్నావా, పీహెచ్‌డీ చేస్తున్నావా?"

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఎందుకంటే మధ్యలో ఒక పసుపు రంగు బండి దొరికింది. ఇంజను చక్కగా ఉంది, గేర్లు వెన్నలా పడుతున్నాయి. కొనేయాల్సిందే. నేను దిగొచ్చి, "బ్రేకు ఏదో శబ్దం చేస్తోంది," అన్నాను. ఏ శబ్దమూ లేదు. ఆమె నడిపొచ్చి, "అవును, చేస్తోంది," అంది. ఆమెకి కూడా అనుమానమొచ్చిందేమో అనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

బండి దొరికిందంటే ఇక ఆదివారాలు ఉండవు. నాకా సంగతి అప్పటికే అర్థమైంది. వారమంతా ఇరుకు లిఫ్టుల్లో వేలాడి, ఇంట్లో అందరినీ మోసి, నేను ఎదురుచూసేది ఆ అలసిపోయిన అమ్మాయితో తాగే ఒక్క కప్పు టీ కోసం. ఆమె ఏదో ఒక బండి కొనుక్కుని వెళ్ళిపోతే నేనేం చేయాలి? అడుగుదామంటే నోరు రాదు. కారు కోసం వచ్చిన అమ్మాయిని పట్టుకుని వేరే మాటలు మొదలుపెడితే ఏమనుకుంటుంది?

అలా ఉండగా మాస్టారి బండి తగిలింది.

ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. జీవితమంతా సైకిల్ తొక్కి, రిటైరైన రోజున వెండి రంగు స్పోర్ట్స్ కారు కొన్నారట. ఆమెకి ఏదో ప్రకటనలో నంబరు దొరికితే తనే ఫోన్ చేసి మాట్లాడింది. మేం వెళ్ళేసరికి సన్నగా చినుకులు పడుతున్నాయి. మాస్టారి భార్య గొడుగు పట్టుకుని గేటు తీశారు. నా ఇంకో పార్టీ ఆ రోజు ఎక్కడో ఉచిత కంటి పరీక్షల శిబిరం ముగించుకుని నేరుగా వచ్చింది. నిలబడే నిద్రపోతున్నట్టుంది.

"ఎందుకమ్ముతున్నారండీ?" అనడిగాను.

"మోకాళ్ళు," అన్నారు మాస్టారు. "ఎక్కడం సులువే, కూలబడిపోవచ్చు. దిగడమే కష్టం. పోయిన వారం మా ఆవిడా, పక్కింటాయనా కలిసి లాగారు."

"నేను చేతులు లాగాను, ఆయన కాళ్ళు లాగారు," అన్నారు భార్య. "రెండు వైపులకీ."

నేను తాళం తీసుకుని అలవాటుగా ఆగాను. "మీరు పక్కన కూర్చుంటారా మాస్టారూ?"

"ఇంతసేపూ నేను చెప్పిందేమిటి నాయనా? మీరిద్దరూ వెళ్ళి, వీధి చివర తిరిగి వచ్చేయండి."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇన్నాళ్ళూ ఇన్ని రెండు సీట్ల కార్లు చూశామా, ఒక్కదాంట్లోనూ పక్కపక్కన కూర్చోలేదు. ప్రతిసారీ మా మధ్య ఒక టై, ఒక షెడ్డు ఓనరు, ఒక బ్రోకరు.

"ముందు మీరే నడపండి. నాకు ఓపిక లేదు," అంటూ ఆమె పక్క సీట్లోకి జారింది.

వీధి దాటకముందే నాకు తెలిసిపోయింది. ఇదే బండి. ఏ లోపమూ లేదు. క్లచ్చు, గేర్లు, బ్రేకులు, అన్నీ మాస్టారి లెక్కల్లాగే తప్పుల్లేకుండా ఉన్నాయి.

"ఏమైనా శబ్దం వస్తోందా?" అన్నాను, ఆశగా.

తిరిగి చూస్తే నిద్రపోతోంది. తల కిటికీ వైపు వాలిపోయింది, నోరు కాస్త తెరుచుకుంది. అద్దం మీద వాన ధారలు కడుతోంది. వీధి చివరికి వచ్చాం. తిరగాలి. నేను తిరగలేదు.

మెయిన్ రోడ్డెక్కాను. గతుకులొచ్చిన చోటల్లా నెమ్మదిగా పోనిచ్చాను. లిఫ్టు ఎక్కినవాళ్ళకి కుదుపు తెలియకూడదని నేర్చుకున్న పనితనమంతా ఆ పూట వాడాను. వెనక లారీవాడు హారన్ కొడితే మనసులో తిట్టుకున్నాను. ఈ పిల్ల ఎవరికీ ఏది బాగుందో లేదో చెప్పక్కర్లేకుండా కాసేపు పడుకోనీ అనిపించింది. ఫోన్ మోగింది, మా బావ. కట్ చేశాను. ఆయన ఫోను నేను కట్ చేయడం చరిత్రలో అదే మొదలు. ఆ అమ్మాయంటే నాకు ఎంత ఇష్టమో ఆ ఇరుకు కారులోనే తెలిసొచ్చింది, దాంతోపాటు దిగులూ వచ్చింది. ఈ బండి తిరిగి గేటు ముందు ఆగితే అంతా అయిపోతుంది. అందుకే ఆపలేదు, తిరుగుతూనే ఉన్నాను.

ఈసారి ఆమె ఫోన్ మోగింది. ఉలిక్కిపడి లేచి, స్పీకర్ నొక్కింది.

"అమ్మాయ్! నా కారేదమ్మా? పోలీసులకి చెబుదామంటోంది మా ఆవిడ!"

"నేనెక్కడన్నాను? మీరే అన్నారు!" అని వెనకనుంచి ఆవిడ గొంతు.

"వచ్చేస్తున్నాం మాస్టారూ," అని పెట్టేసి ఆమె నావైపు తిరిగింది. "మనం ఎక్కడున్నాం?"

"సరిగ్గా తెలీదు."

"ఎందుకు లేపలేదు?"

"లేపబుద్ధి కాలేదు," అన్నాను. బండి వెనక్కి తిప్పాను.

గేటు దగ్గర దంపతులిద్దరూ ఒకే గొడుగు కింద ఎదురుచూస్తున్నారు. దిగి క్షమాపణ చెప్పాను. మాస్టారు బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసుకుని శాంతించారు. "ఇంతసేపు నడిపావు. ఏమైనా లోపం కనిపించిందా?"

అబద్ధమాడే ఓపిక కూడా అయిపోయింది నాకు.

"లేదండీ. అదే నా బాధ. ఈ బండి ఎవరు కొన్నా, ఈవిడ్ని మళ్ళీ చూడటానికి నాకు వంక దొరకదు. పసుపు రంగు బండికి కూడా లోపం లేదు. బ్రేకు శబ్దం నేను కల్పించాను."

మాస్టారి భార్య గొడుగు ఇంకాస్త ఇటు వంచారు, సరిగ్గా వినపడాలని కాబోలు.

ఆమె మొహంలో నిద్ర వదిలిపోయింది. "ఒకసారి మా షాపుకి రండి. మీ కళ్ళు చూడాలి."

"నాకు బాగానే కనిపిస్తుందండీ."

"ఏం కనిపిస్తుంది? లేని శబ్దం మీరు చేస్తోందంటే నేను 'అవును, చేస్తోంది' అన్నాను. ఎందుకన్నానో తెలీలేదా? ఆ ఎర్ర బండీ, వరద బండీ, వేలంపాట బండ్లూ తీసేస్తే, నిజంగా లోపమున్న బండ్లు ఎన్ని చూశాం మనం? మంచివాటికి కూడా వంకలు పెట్టీ పెట్టీ నేను అలిసిపోయాను బాబూ. ఇక నా వల్ల కాదు. మీరంటే నాకిష్టం. అయిపోయింది, చెప్పేశాను."

వాన పెరిగింది. మాస్టారు గొంతు సవరించుకున్నారు. "మీ వ్యవహారం బాగానే ఉంది. కారు కొంటున్నారా, లేదా?"

"నేనింకా నడపనే లేదు మాస్టారూ," అంది ఆమె, చెయ్యి చాపి నా చేతిలో తాళం లాక్కుంటూ. "ఒక్క రౌండు."

"మళ్ళీనా!"

"వెళ్ళనివ్వండి," అన్నారు మాస్టారి భార్య. "మనం లోపల కూర్చుందాం. మీ మోకాళ్ళు తడుస్తున్నాయి."

నేను పక్క సీట్లోకి దిగబడ్డాను. అక్కడ కూర్చోవడం నాకు చేతకాదు. మలుపు రాగానే అక్కడ లేని బ్రేకుని నా కుడికాలు గట్టిగా తొక్కింది. ఆమె చూసింది.

"కాలు తియ్యి," అంది. "బ్రేకు నా దగ్గరుంది. ఇంటి దగ్గర దింపుతాలే."

నన్ను ఇంటి దగ్గర దింపుతానని అంతకుముందు ఎవరూ అనలేదు. కాళ్ళు చాపుకుని, సీటుకి తల ఆనించాను.