గింజకు శభాష్

"వదలండి రాణీగారూ, ఒక్క చుట్టు వదలండి!"

సైకిల్ షాపు ముందు పిల్లలు అప్పుడే చప్పట్లు మొదలుపెట్టారు. బడి వదిలి ఎంతోసేపు కాలేదు. ఇంట్లో సంచీ పడేసి, తన కుక్క గింజను తీసుకుని పిచ్చుక వీధిలోకి వచ్చిందంటే చాలు, వాళ్లంతా పంక్చర్లు చూసే నీళ్ల తొట్టి దగ్గర గుమిగూడతారు.

పిచ్చుక అని ఆమెకు క్లాసులో పెట్టిన పేరు. జవాబు తెలిసినా గొంతు పెగలదు. పెగిలినా ముందు బెంచీ దాకా వినబడదు. అలాంటి పిల్ల ఈ సైకిల్ షాపు ముందు మాత్రం రాణీగారు. అదంతా గింజ చలవే.

గింజ టెర్రియర్ కుక్క. మూరెడు ఎత్తు కూడా ఉండదు. తెల్లటి గరుకు జుట్టు, ఒక చెవి మాత్రం గోధుమ రంగు. పిచ్చుక వాళ్ల నాన్న పనిచేసే ధాన్యం గోడౌన్‌లో అది ఎలుకలు పట్టేది. పట్టిన ఎలుకను తెచ్చి కాళ్ల దగ్గర పడేస్తే, "శభాష్!" అని కూలీలు వీపు తట్టేవారు. ఆ గోడౌన్ మూతపడింది. నాన్న దాన్ని ఇంటికి తెచ్చాడు.

ఇంట్లో అది బంగారం. పిచ్చుక చదువుకుంటుంటే పాదాల మీద గడ్డం ఆనించి పడుకునేది. వీధిలో ఇంకో కుక్క కనబడిందా, ఇక అంతే. ఒళ్లు కర్రలా బిగుసుకునేది. చెవులు నిక్కబొడుచుకునేవి.

"తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకో అమ్మలూ" అని నాన్న మొదటి రోజే చెప్పాడు. "వేరే కుక్క దూరంగా ఉండగానే పక్క సందులోకి తిప్పేయి. దీనికి ఎలుకకీ కుక్కకీ తేడా తెలీదు."

మొదట్లో పిచ్చుక అలాగే చేసింది. ఒకరోజు సందు మలుపులో ఒక నల్లకుక్క హఠాత్తుగా ఎదురొచ్చింది. తాడు ఒక చుట్టు జారింది. గింజ ఎగిరి దూకింది. అంత పెద్ద నల్లకుక్క తోక ముడిచి పరుగో పరుగు. సైకిల్ షాపు పిల్లలు ఈలలు వేశారు. "అబ్బో, రౌడీ!" అన్నారు గింజను. "ఏ క్లాసు నువ్వు?" అని అడిగారు పిచ్చుకను. తమంతట తాముగా ఎవరూ ఆమెను పలకరించింది లేదు ఎప్పుడూ. పిచ్చుక వంగి గింజ వీపు తట్టింది. "శభాష్!" అంది.

ఆ తర్వాత తాడు దానంతటది జారలేదు. రోజూ పిచ్చుకే ఒక చుట్టు వదిలేది.

ఈ రోజు మలుపు తిరిగి వచ్చింది కళ్లజోడు.

కళ్లజోడు క్లాసులో ఆమె పక్కన కూర్చునే పిల్ల. ఆమెకున్న ఒకే ఒక్క స్నేహితురాలు. పిచ్చుక గొణిగిన జవాబు విని, "టీచర్, ఇది కరెక్టుగానే చెప్పింది, నాకు వినబడింది!" అని అరిచేది తనే. ఆమె చేతిలో తాతయ్య తాడు ఉంది. తాతయ్య అంటే వాళ్ల ముసలి కుక్క. సగం పళ్లు లేవు, ఒక కంటికి పొర. "మా తాతయ్య నా హోంవర్క్ నమిలేశాడు టీచర్" అని కళ్లజోడు ఒకసారి చెబితే క్లాసంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

పిచ్చుక వాళ్లను చూసింది. పక్క సందులోకి తిరగబోయింది కూడా.

"ఒరేయ్, రాణీగారు భయపడ్డారు!"

"ముసలోణ్ణి చూసి పారిపోతోందిరోయ్ మన రౌడీ!"

పిచ్చుక ఆగిపోయింది. ఒక్క చుట్టే కదా, అనుకుంది. అంత దూరం అందదులే, అనుకుంది. చుట్టు వదిలింది.

రెండో చుట్టు దానంతటదే ఊడిపోయింది. తాడు అరచేతిని కాల్చుకుంటూ జారిపోయింది.

తాతయ్య పారిపోలేదు. వచ్చేదేమిటో ఆయనకు కనబడలేదు. తోక కూడా ఊపాడు. గింజ ఆయన చెవి పట్టుకుని, ఎలుకను విదిలించినట్టు విదిలించింది.

"తీసేయ్! దాన్ని తీసేయవే!" కళ్లజోడు అరుస్తోంది. పిచ్చుక పరుగెత్తి తాడు అందుకుని లాగింది. లాగేకొద్దీ గింజ ఇంకా గట్టిగా పట్టింది. షాపు యజమాని పరుగున వచ్చి తొట్టెడు నీళ్లు గుమ్మరిస్తే గానీ వదల్లేదు.

తాతయ్య చెవి రెండుగా చీలింది. కళ్లజోడు తెల్ల సాక్సుల మీద నెత్తురు. చప్పట్లు కొట్టినవాళ్లలో ఒక్కడూ అక్కడ లేడు.

గింజ మాత్రం తడిసిన ఒంటితో పరుగెత్తుకుంటూ పిచ్చుక దగ్గరికి వచ్చింది. ఆమె కాళ్ల ముందు కూర్చుంది. తోక ఊపుతూ, ముఖంలోకి చూస్తూ, ఎదురుచూసింది. వీపు తట్టడం కోసం.

పిచ్చుక చేతులు వెనక్కి పెట్టుకుంది.

నాన్న వచ్చి తాతయ్యను ఎత్తుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ కుట్లు వేస్తూ గింజ సంగతంతా అడిగింది.

"మీ గింజకు పొగరేం లేదండీ. అది తన పని అనుకుంటోంది. ఇలా ఎగబడినప్పుడు ఎవరో మెచ్చుకుంటూ ఉండాలి."

"గోడౌన్‌లో కూలీలు మెచ్చుకునేవారండీ, ఎలుకల్ని పడితే" అన్నాడు నాన్న.

పిచ్చుక నేల వైపు చూసింది.

"బయటికి తీసుకెళ్తే మూతికి చిక్కం కట్టండి. కుక్క కనబడగానే, ఇది బిగుసుకోకముందే, వెనక్కి తిప్పేయాలి. ఊరుకున్నప్పుడే ముద్దు చేయాలి. నెలలు పడుతుంది. పూర్తిగా మానుతుందని మాత్రం నేను చెప్పలేను."

కళ్లజోడు వాళ్లమ్మ బయట నిలబడి ఉంది. నాన్న ఆవిడ ముందు తల దించుకున్నాడు. "తప్పు నాదేనమ్మా. తాడు పాతది. చేతిలో నిలవదు. పసిపిల్లకి ఇచ్చి పంపాను."

పిచ్చుక నోరు తెరిచింది. గొంతు పెగల్లేదు. ఈసారి పెగలకపోవడమే హాయిగా అనిపించింది.

మర్నాడు బళ్లో కళ్లజోడు తన పక్కన కూర్చోదనుకుంది పిచ్చుక. కానీ వచ్చి కూర్చుంది.

"తాతయ్య పాలు తాగాడే" అంది. "నెత్తికి కట్టు కట్టారు కదా, అచ్చం పెళ్లికొడుకులా ఉన్నాడు. తాడు పాతదటగా. మీ నాన్న పాపం ఎంత బాధపడ్డాడో! నువ్వేం చేస్తావు, నీ చేయి కూడా కాలిందిగా. చూపించు."

పిచ్చుక చేయి ముందుకు చాపలేదు. ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోవడం ఆమెకు బాగా వచ్చు కూడా.

"తాడు పాతది కాదు" అంది. "నేనే వదిలాను."

"ఏంటీ? వినబడలేదు."

"నేనే వదిలాను!"

ముందు బెంచీ వాళ్లు వెనక్కి తిరిగారు. కళ్లజోడు అద్దాలు తీసి గౌనుకు తుడుచుకుంది, మళ్లీ పెట్టుకుంది.

"ఎందుకు?"

"వాళ్లు ఈలలు వేస్తారని."

"వస్తున్నది తాతయ్య అని తెలిసే వదిలావా?"

"తెలిసే."

కళ్లజోడు లేచింది. పుస్తకాలు ఒక్కొక్కటే సంచీలో పెట్టుకుని కిటికీ పక్క బెంచీకి వెళ్లిపోయింది. ఆ రోజు టీచర్ అడిగిన లెక్కకు పిచ్చుక చెప్పిన జవాబు ఎవరికీ వినబడలేదు.

ఇంటికి వచ్చి నాన్నకూ చెప్పింది. నాన్న కొత్త తాడుకు కొక్కెం బిగిస్తున్నాడు. చేతులు ఆగాయి. కొక్కెం పక్కన పెట్టాడు. తిట్టినా బాగుండేది. చివరికి, "వాళ్లమ్మగారి దగ్గరికి మళ్లీ వెళ్లి నిజం చెప్పాలి. నువ్వూ రా" అని లేచాడు. వెళ్లారు. ఆవిడ విని, తలుపు వేసుకుంది.

ఇప్పుడు గింజ మూతికి చిక్కం ఉంటుంది. అది పంజాలతో దాన్ని పీక్కోవాలని చూస్తుంది. పిచ్చుక అది చూడలేకపోతుంది, అయినా విప్పదు.

"రాణీగారూ, ఇవాళ ఆట లేదా?"

"రౌడీకి మూతికి బుట్టేంట్రా! పంటి నొప్పా?"

పిచ్చుక తాడు రెండు చుట్లూ బిగిస్తుంది. కుక్క కనబడితే సందులోకి తిప్పేస్తుంది. వెనక నవ్వులు వినబడతాయి.

ఒక సాయంత్రం ఆ సందులో నిలబడి ఉండగా కళ్లజోడు, తాతయ్య అటుగా వచ్చారు. పిచ్చుక గింజను గోడ వైపు తిప్పి, తను అడ్డంగా నిలబడింది. గింజ ఊరుకుంది. చిన్న గుర్రు కూడా లేదు.

కానీ తాతయ్య ఆగిపోయాడు. చీలిన చెవి వెనక్కి వాల్చి, గాలి వాసన చూసి, వణికాడు. ఎంత లాగినా కదల్లేదు. కళ్లజోడు రెండు చేతులతో ఆయన్ని ఎత్తుకుంది. బరువుకు ఒళ్లు వంగిపోతుంటే, సందు దాటేదాకా మోసుకెళ్లింది. పిచ్చుక అక్కడుందని ఆమెకు తెలుసు. తల తిప్పలేదు.

పిచ్చుక గింజతో ఇంకాస్త వెనక్కి, గోడ నీడలోకి జరిగింది. వాళ్ల అడుగుల చప్పుడు పోయేదాకా అక్కడే ఉంది.

మర్నాడు బడి నుంచి వచ్చి, చిక్కం కట్టి, తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకుంది. గింజ మామూలుగా సైకిల్ షాపు వైపు లాగింది.

"అటు కాదు" అంది పిచ్చుక.

మూతపడిన గోడౌన్ వెనక ఒక దారి ఉంది. రెండు పక్కలా ఎత్తు గోడలు, పిచ్చిమొక్కలు. మనిషి కనబడడు, కుక్క కనబడదు. ఆ దారినే నడిపించింది. ఆ మర్నాడూ, ఆ తర్వాతా అటే.

ఇక్కడ వాళ్లను చూసేవాళ్లెవరూ లేరు. అక్కడ, గింజ రాని వీధిలో, తాతయ్య తన కాళ్లతో తను నడుస్తున్నాడు.