అందరి తాళంలో దొంగదారి

కెనడాలోని హాలిఫాక్స్ రేవులో తేలిన శవం నిఘా శాఖ ఇన్‌ఫార్మర్‌ది. చనిపోయే ముందు అతను పంపిన మెసేజ్ ఒక్కటే: "ఇవాళ్టి రిలీజ్‌లో దొంగదారి పెట్టారు. వార్డెల్‌కి తెలియదు."

కారులో చీఫ్ ఫ్రేజర్ ఆ మెసేజ్‌ని ఏజెంట్ డెస్మండ్ ఆర్సెనోకి చూపించాడు.

"వార్డెల్ ఎవరు, చీఫ్?"

"ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్ తెలుసుగా? ఎవడి సొత్తూ కాదు, సెంటు ఖర్చుండదు. అందుకే బ్యాంకులు, స్టాక్ ఎక్స్ఛేంజీలు, నీ జేబులో ఫోనూ దాని మీదే నడుస్తున్నాయ్. అందులోకి దొంగలు దూరకుండా కాపలా కాసే తాళం ప్రోగ్రామ్‌ని జీతం భత్యం లేకుండా ఆ ముసలాయనే చూసుకుంటాడు. మధ్యాహ్నం కాన్ఫరెన్స్‌లో కొత్త వెర్షన్ మీద డిజిటల్ సంతకం పెడతాడు. పెట్టాడో, దొంగదారి వెంటనే ప్రతి యంత్రంలోకీ వెళ్లిపోతుంది, మన కొంప మునిగినట్టే. సత్తా చూపించడానికి ఆ దొంగదారి పెట్టించిన ముఠావాళ్లు ముందు ఈ ఊరి ఆసుపత్రుల్నే ఆపేస్తారట."

డెస్మండ్ భార్య కొలెట్ ఆ పొద్దున్నుంచే ఇదే ఊరి ఆసుపత్రిలో ఆపరేషన్ బల్ల మీద ఉంది. ఆమె గుండె పని ఇప్పుడు యంత్రం చేస్తోంది.

"ఆయన్ని ఆపమని చెప్పేద్దాం!"

"ఆధారం లేకుండా చెబితే వింటాడా? గవర్నమెంట్ అంటేనే ఆయనకి ఒళ్లు మంట. దొంగదారి ఎక్కడుందో మనవాళ్లకి దొరకలేదు. లోపల ఇలోనా ఉంది, మన మనిషే. వెళ్లు."

అతికించిన గడ్డంతో, కాన్ఫరెన్స్ టీషర్టుతో డెస్మండ్ హాల్లో అడుగుపెట్టాడు. ఎరుపు గౌనులో మెరిసిపోతున్న ఇలోనా పక్క కుర్చీ చూపించింది.

"కాఫీలో రెండు క్రీములా?" కోడ్ మాట అడిగాడు.

"మంచు కురిస్తేనే," అని జవాబిచ్చి, పెన్ను తీసి అతని డొక్కకి ఆనించింది. అందులో దాచిన సూది మొన చర్మానికి తగిలింది. "కదలకు బంగారం. విషం. రెండేళ్లుగా ఆ ముసలాయనకి సాయం చేస్తున్నది నేనే, దొంగదారి పెట్టిందీ నేనే."

వేదిక మీద వార్డెల్ వేలు కీబోర్డు మీదికి వెళ్లింది. ఆనవాయితీ ప్రకారం అడిగాడు: "ఎవరికైనా అభ్యంతరమా?"

ఒక్క చెయ్యీ లేవలేదు. కోడ్‌ని పక్కవాడు చదివే ఉంటాడని ప్రతివాడి నమ్మకం. డెస్మండ్‌కి నిజంగా ఏడుపొచ్చింది. నిజం అరిస్తే సూది దిగుతుంది, పైగా నమ్మేవాడుండడు. కానీ ఈ ప్రోగ్రామర్ల సంగతి అతనికి తెలుసు. సాయం అడిగితే పలకరు. తప్పు కూశావా, తిండి మానేసి మరీ దిద్దుతారు.

"నాకుంది!" అరిచాడు. "ఇదొట్టి చెత్త. డబ్బిచ్చి కొనే తాళం దీనికి రెండింతలు స్పీడు!"

హాలంతా భగ్గుమంది. అన్ని కళ్లూ అతని మీదే. ఇలోనా సూది ఆగిపోయింది.

"ఎవడ్రా వీడు?"

"కొలిచి చూపిస్తా, ఉండు!"

లాప్‌టాప్‌లు టపటపా తెరుచుకున్నాయి. ముందు వరసలో జుట్టు ముడేసుకున్న ఒకావిడ కనుబొమలు ముడిచింది. "ఇదేంటి, పాతదాని కన్నా నెమ్మదిగా ఉందే? వార్డెల్, ఆగండి! లోపల ఇంకేదో నడుస్తోంది!"

వార్డెల్ చెయ్యి కీబోర్డు మీంచి లేచింది.

ఇలోనా పారిపోబోయింది. కానీ వాదించడానికి ఎగబడ్డ గుంపు వరస రెండు వైపులా మూసేసింది. డెస్మండ్ ఆమె మణికట్టు పట్టి మెలిపెట్టాడు. పెన్ను కింద పడింది.

పోలీసులు ఆమెను తీసుకెళ్లాక ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. కొలెట్ గుండె మళ్లీ తనంతట తాను కొట్టుకుంటోంది. డెస్మండ్ నేల మీదే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

వార్డెల్ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన కళ్లూ తడిగానే ఉన్నాయి.

"ముప్పై ఏళ్లయింది నాయనా. నా కోడ్‌ని ఇంతమంది చదవడం ఇదే మొదటిసారి. అదీ నిన్ను తిట్టడానికి."