ఏ కంటికి ఆ మొహం

మూడోసారి కూడా పొర పట్టలేదనే అనుకుంది ఇందుమతి. భర్త చెంపను వేలితో గట్టిగా రుద్ది, వెనక్కి జరిగి చూసింది. అదే విఠల్. అదే బట్టతల, కళ్ల కింద అవే సంచులు. గడ్డం గీసుకునేటప్పుడు ఎప్పుడూ వదిలేసే ఆ నాలుగు తెల్లవెంట్రుకలు కూడా అలాగే ఉన్నాయి.

"ఎట్లున్న?" అన్నాడు విఠల్ ఛాతీ విరుచుకుని.

"జర ఆగుండ్రి. మీకు సరిగ పట్టినట్టు లేదు."

"ఇంకెంతసేపు రుద్దుతవే? తోలు ఊడొస్తది."

హైదరాబాద్‌లో రాత్రి క్లబ్బుకు వెళ్లడానికి ఇప్పుడెవరూ మొహానికి రంగులద్దుకోవడం లేదు. బ్యూటీపార్లర్లు మూతపడి చాలాకాలమైంది. చూపుపొర ఒకటి కట్టుబట్టలతో సహా ఒళ్లంతా పరుచుకుంటే చాలు. ఉల్లిపొర కంటే పలచగా ఉండే ఆ పొర ఎదుటివాడి కంటిపాపను చదివి, వాడి మనసు ఏ రూపం దగ్గర ఆగుతుందో పసిగట్టి, ఆ రూపాన్నే వాడికి చూపిస్తుంది. పక్కవాడికి ఇంకో రూపం. వేసుకున్నవాళ్లకు మాత్రం అద్దంలో పాత మొహమే. సింగారం ఒకరిది, సంబరం ఇంకొకరిది అన్నమాట. అందుకే "ఎలా ఉన్నాను" అని అడిగితే "బాగున్నావు" అని ఊరుకోవాలి. ఏం కనిపిస్తోందో పైకి చెప్పడం పరమ మోటుతనం. మొదట్లో అలా చెప్పుకున్న జంటలు ఇల్లు చేరేలోపే తన్నుకున్నాయి.

ఇందుమతి ఈ రాత్రిని సరదా కోసం ఏర్పాటు చేయలేదు. ఆమెకు వైజాగ్ ఆఫీసుకు బదిలీ వచ్చింది. వెళ్తుందో లేదో సోమవారం చెప్పాలి. "పోతే పో, నాకేం ఇబ్బంది లేదు" అన్నాడు విఠల్, గోడతెర మీద క్రికెట్ చూస్తూ, తల కూడా తిప్పకుండా. ఆ తల తిప్పకపోవడమే ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. ఒక్కసారి క్లబ్బుకు వెళ్దామని తనే బతిమాలింది. పెళ్లయిన కొత్తలో చూసినట్టు ఆయన ఒక్కసారి చూస్తే చాలు, బదిలీ వద్దనేస్తుంది. చూడకపోతే పెట్టె సర్దుకుంటుంది.

గదిలోకి వెళ్లి తన పొర పరుచుకుంది. ఒంటికి వాననీళ్లు తగిలినట్టు చల్లగా ఉంది. అద్దంలో మాత్రం నెరిసిన పాపిట, వదులైన మెడ. ఈ మొహం వేసుకుని క్లబ్బుకా అని ఆమెకే నవ్వొచ్చింది.

బయటికి రాగానే విఠల్ సోఫాలోంచి లేచి నిలబడ్డాడు. పెళ్లాం వస్తే లేచి నిలబడే రకం కాదాయన.

"అరె... ఇందూ? నువ్వేనా? గుర్తువట్టలే!"

ఆ చూపు ఆమెకు తెలుసు. ఒకప్పుడు అది తనదే. ఒళ్లు ఝల్లుమంది. గాలిబండి ఎక్కేసరికి ఆ ఝల్లు దిగిపోయి, మనసులో పురుగు తొలవడం మొదలుపెట్టింది. ఈయన ఎవరిని చూస్తున్నాడు? ఆఫీసులో ఎవరినైనానా? పై అంతస్తు ఆవిడనా? తన చెయ్యి పట్టుకుని అసలు ఎవరితో క్లబ్బుకు వెళ్తున్నాడు?

చుక్కలమిద్దె క్లబ్బు గుమ్మంలో పొరలు సరిచూసే నూర్ అనే అమ్మాయి ఉంది. ఇందుమతి ఆమెను పక్కకు పిలిచి చెప్పింది.

"మా ఆయన పొర ఖరాబైందమ్మా. మూడుసార్లు పెట్టిన. ఏం మారలే."

నూర్ విఠల్ వైపు చూసి, చూపు తిప్పుకోలేక, సిగ్గుపడి తల దించుకుంది.

"మంచిగనే పనిచేస్తుంది మేడమ్" అంది మెల్లగా. "అంతకంటే చెప్పొద్దు గద."

ఏమీ అర్థం కాకుండానే ఇందుమతి లోపలికి అడుగుపెట్టింది. పెట్టి, అక్కడే నిలబడిపోయింది.

లోపలున్న మగవాళ్లంతా విఠళ్లే. మధుపాత్రల బల్ల దగ్గర ఇద్దరు విఠళ్లు నవ్వుకుంటున్నారు. ఒక విఠల్ పిల్లిమొగ్గలు వేస్తున్నాడు. గుంపులు గుంపులుగా బట్టతలలు ఊగుతున్నాయి. ప్రతి గడ్డం మీదా ఆ నాలుగు తెల్లవెంట్రుకలు.

పొర చెడిపోలేదు. ఎంతమంది మగవాళ్లను చూసినా తన కన్ను ఏరుకుంటున్నది ఈ ఒక్కడినే. క్రికెట్ నుంచి తల తిప్పని ఈ మహానుభావుడినే! ఆమెకు తన మీద తనకే ఒళ్లు మండింది. సిగ్గేసింది. వాటి అడుగున, ఒప్పుకోక తప్పదు, సంతోషం కూడా వేసింది. మరి ఆయన తనను గుర్తుపట్టలేదు కదా అని తట్టేసరికి ఆ సంతోషమూ చేదైపోయింది. ఇక ఆగలేకపోయింది.

"మీకు నాల ఏం కనిపిస్తుంది? నిజం చెప్పుండ్రి."

"అట్ల అడుగుతరా? బాగున్నవ్."

"చెప్పకుంటే ఇటునుంచి ఇటే పోత."

విఠల్ చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "కుడి దిక్కు ముక్కుపుడక. పొడుగు జడ. చెంప మీద మొటిమ. పెండ్లినాడు ఫొటోలు పాడైతయని ఏడ్చినవ్ సూడు, ఆ మొటిమనే. ఈడున్న ఆడోళ్లందరు గట్లనే ఉన్నరే. చెయ్యి ఇడిస్తే తప్పిపోతవ్."

ఆమె సవతి ఎవరో కాదు, ఆమే. పెళ్లినాటి తను. దీనికి మురిసిపోవాలా, ఆ పిల్లను జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చాలా? ఎంత ఆలోచించినా తేలలేదు. మింగలేక కక్కలేక ఆయన వెంట నృత్యవేదిక ఎక్కింది.

అక్కడ పాట చెవులకు వినిపించదు. నేలలోంచి కాళ్ల ఎముకల్లోకి పాకి, ఎవరి ఒంట్లో వాళ్లకు మోగుతుంది. పాట మారినప్పుడు దీపాలు తగ్గిస్తారు. అందరూ చేతులు వదిలేసి తల మీద చప్పట్లు కొట్టాలి. అది అక్కడి ఆచారం. అందరితోపాటు వాళ్లూ కొట్టారు. గుంపు కలగాపులగమైంది. దీపాలు వెలిగాక ఇందుమతి పక్కనున్న విఠల్ చెయ్యి అందుకోబోయింది.

"ఎవరండీ మీరు?" అన్నాడతను గోదావరి యాసలో.

ఆమె గాభరాగా అటూ ఇటూ చూస్తుండగా వెనక నుంచి అసలు గొంతు వినిపించింది.

"ఇందూ, వైజాగ్ పోకే. పోతే పో అన్న గని, నువ్వు లేకుంటే ఆ ఇల్లు నాకెందుకే?"

ఇన్నాళ్లూ ఆమె ఎదురుచూసిన మాట అదే. గిర్రున వెనక్కి తిరిగింది. విఠల్ ఎవరో ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, కళ్లనీళ్లతో ఆవిడకు చెబుతున్నాడు.

"నేను ఇందూని కాదండీ" అని ఆవిడ మర్యాదగా చేతులు విడిపించుకుంది.

విఠల్ మొహం పాలిపోయింది. "ఇందూ! ఇందూ!" అని అరుస్తూ గుంపులో పడ్డాడు. ఒకామె మొహంలోకి చూశాడు, ఇంకొకామె భుజం పట్టి తిప్పాడు. పాపం, ఎవరిని చూసినా అదే ముక్కుపుడక, అదే మొటిమ. ఆయన అవస్థ ఇందుమతి చూడలేకపోయింది. పొర లేని మొహం ఒక్కటి కనిపిస్తే పోల్చుకుంటాడనుకుంది. చూపుపొరను నుదుటి దగ్గర పట్టుకుని, మొహం మీంచి, మెడ మీంచి, కట్టుకున్న నీలంచీర మీంచి బర్రున లాగేసింది. క్లబ్బు మొత్తంలో పొర లేకుండా నిలబడిన మనిషి ఆమె ఒక్కతే.

విఠల్ ఆమె ఎదురుగా వచ్చాడు. ముక్కుపుడక కోసం వెతుకుతున్న ఆయన చూపు ఆమె మొహం మీద వాలింది, జారి పక్కనున్న మొహం మీదికి వెళ్లింది. "జర జరగుండ్రమ్మా" అని ఆమెను భుజంతో తప్పించుకుని, "ఇందూ!" అని పిలుస్తూ ముందుకు వెళ్లిపోయాడు.

పొరను ఉండచుట్టి అక్కడే పడేసి, ఆమె గుమ్మం వైపు నడిచింది.