గుడ్డి దేవిడీ ఎత్తు మీద బొగ్గు లారీ

లాల్‌దర్వాజా దాటి లోపలికి తిరిగితే గుడ్డి దేవిడీ అని ఒక ఖాళీ ఇల్లుండేది. కిటికీలన్నీ ఇటుకలతో మూసేశారు కాబట్టి దానికా పేరు. దాని ముందు దారి బాగా ఎత్తు. రాత్రిపూట ఆ ఎత్తు మీద ఒక బేగం బండ్లెక్కుతుందని చెప్పుకునేవారు. బతికినన్నాళ్లూ మేనాలో తిరిగిన మనిషి, చచ్చాక లారీల మీద పడిందట. ఖాళీ లారీని మాత్రం ముట్టదు. నిండా బరువున్న లారీయే కావాలి ఆమెకు.

మా సోమయ్య చిన్నాయన చెప్పిన ముచ్చట ఇది. ఆయన అప్పట్లో పేరున్న లారీ మిస్త్రీ. దెయ్యమన్న మాట వినబడితే చాలు, పడీపడీ నవ్వేవాడు.

రెండో ప్రపంచ లడాయి రోజులవి. పెట్రోలు దొరకదు. బేగంబజార్ షావుకారు వైకుంఠం తన లారీకి బొగ్గు పీపా పెట్టించాడు. పీపాలో బొగ్గు మండుతుంది. పక్కనున్న గొట్టంలోంచి ఇంజనే గాలిని లోపలికి పీల్చుకుంటుంది. లోపల పుట్టిన గ్యాసుతో బండి నడుస్తుంది. ఆ నడకకే దండం పెట్టాల్సింది పోయి, వైకుంఠం వెనకాల ఇంకో తొట్టి బండి కూడా తగిలించాడు.

పగలు జట్కాల మధ్య ఆ జోడు బండ్లు సందులో తిరగవు. అందుకని బరువు తోలడం రాత్రే. డ్రైవరు ఖాజా.

చదును మీద లారీ బుద్ధిగా పోయేది. షాబాదు బండలు నింపుకొని గుడ్డి దేవిడీ ముందుకు వచ్చేసరికి... రొప్పు మొదలు. సగం ఎత్తులో ఆగిపోయేది. సగం బండలు దించితే మళ్లీ ఎక్కేది.

ఇక చూడండి భక్తి! వైకుంఠం తల్లి నాగమణమ్మ పసుపు గుడ్డ పంపింది. ఖాజా భార్య ఇక్బాలున్నీసా ఆకుపచ్చ గుడ్డ ఇచ్చింది. పీపాకు కడితే కాలిపోతుంది. చల్లగా ఉండేది గాలి గొట్టమొక్కటే. రాత్రి చీకట్లోనే దాని మూతికి చుట్టారు. కట్టిన మొక్కు గుడ్డను మళ్లీ ఎవరూ ముట్టకూడదు కదా!

లారీ ఇంకా ముందే ఆగసాగింది. బేగంకు కోపమొచ్చిందన్నారు. మీద ఇంకో మడత చుట్టారు.

చిన్నాయన గ్యాసును వడకట్టే జల్లెడ విప్పి మసి దులిపాడు. అతుకులు బిగించాడు. బొగ్గు ఎండబెట్టాడు. గుడ్డలున్న గొట్టం వైపు మాత్రం పోలేదు. పగలు ఖాళీగా నడిపి చూస్తే ఏ లోపమూ లేదు. రాత్రి బరువెత్తితే... మళ్లీ అదే రొప్పు.

వైకుంఠానికి ఓపిక చచ్చింది.

"ఖాజా, తెల్లారేసరికి బండలన్నీ పైన పడాలె. లేకుంటే స్టీరింగు ఇంకొకనికిస్త."

ఖాజా ఇంట్లో తినే నోళ్లు ఆరు. సంపాదించే చేతులు రెండే, అవీ ఆ స్టీరింగు మీదే ఉన్నాయి.

ఆ రాత్రి ఖాజా, వైకుంఠం, చిన్నాయన ముగ్గురూ లారీలోనే ఉన్నారు. గుడ్డి దేవిడీ వచ్చింది... లారీ రొప్పింది... ఆగింది. చిన్నాయన దిగి టైర్ల వెనక రాళ్లు పెట్టాడు. వైకుంఠం కళ్లు మూసుకొని ఏదో గొణుగుతున్నాడు.

"మిస్త్రీ భాయ్, నువ్వెక్కి గట్టిగ తొక్కు. నేను కింద చూస్త," అన్నాడు ఖాజా. ఉద్యోగం పోయే మనిషికి దెయ్యం భయం కొంచెం తగ్గుతుంది.

ఇంజను అరిచింది. ఖాజా కందిలి ఎత్తాడు. పీపా పక్కన... ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. హూఁ... హూఁ...

ఆకుపచ్చ గుడ్డ దానంతటదే లోపలికి ముడుచుకుపోతోంది — ఎవరో నోట్లోకి గుంజుకుంటున్నట్టు.

"యా అల్లా..."

కానీ ఖాజా పారిపోలేదు. మెల్లగా వేలుపెట్టి గుడ్డను కొంచెం పక్కకు లాగాడు. లారీ గొంతు ఒక్కసారిగా లేచింది. వదిలాడు. గొంతు పడిపోయింది.

"భాయ్... గాలి! గాలి ఆడుత లేదు!"

ఇంజను ఊరికే ఉంటే గుడ్డ వదులుగా వేలాడుతుంది. బరువెత్తి గట్టిగా పీల్చినప్పుడే మూతికి అతుక్కుపోతుంది. బేగం ఎక్కడా లేదు. వీళ్లే మొక్కి మొక్కి లారీ పీక పిసికారు.

మరి విప్పేదెవరు?

"అమ్మ కట్టించింది... నేను ముట్ట," అన్నాడు వైకుంఠం.

"అల్లా మాఫ్ చేస్తడు సేటు, నువ్వు చెయ్యవు," అని ఖాజా ఆకుపచ్చ గుడ్డ విప్పేశాడు. వైకుంఠం లెంపలేసుకొని పసుపు గుడ్డ లాగాడు.

దాని కింద... ఇంకొకటుంది.

ఎర్రటి పీలిక. మసిబారి, ముడి మీద ముడి పడి, అన్నిటికంటే ముందు కట్టింది.

"గిదెవరిది సేటు?"

వైకుంఠం అడ్డంగా తలూపాడు. ఖాజా చిన్నాయన వైపు చూశాడు.

"నాకేం ఎరుక?" అన్నాడు చిన్నాయన. చూపు పక్కకు తిప్పుకొని అన్నాడు — "గిది మనిషి కట్టింది కాదు."

ఖాజా పళ్లు బిగబట్టి దాన్ని కోసేశాడు. లారీ ఆ బండలతో, ఆ తొట్టితో ఒక్క ఊపున ఎత్తెక్కింది. తెల్లారేసరికి పని అయిపోయింది. వైకుంఠం మెచ్చుకొని స్టీరింగు నీదేనన్నాడు.

ఖాజా మాత్రం ఇంజను తిప్పే హ్యాండిల్ తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టాడు.

"బేగం కట్టిన ముడి కోసిన, సేటు. పిల్లలున్నోణ్ని. ఇంక నాతోని కాదు."

మలక్‌పేటలో రేసు గుర్రాలు కడిగే పనికి కుదిరాడు. అందులో ఆరు నోళ్లు నిండేవి కావు.

ఇన్నేళ్లకు నేను నవ్వుతూ అడిగాను, "ఆ పీలిక నిజంగ బేగందేనా చిన్నాయనా?"

ఆయన నవ్వలేదు. నాకెందుకో అడగకుండా ఉండాల్సిందనిపించింది.

"మీ చిన్నమ్మ చీర అంచురా అది. పీపా పెట్టిన్నాడే, ఎవ్వరు చూడకుంట నేనే కట్టిన. అంత సన్నది అడ్డం రాదనుకున్న."

"మరి ఖాజాకు చెప్పకపోయినవా?"

"ఎట్ల చెప్పాలెరా... నేను దెయ్యాలకు భయపడనని వానికి మస్తు నమ్మకముండె."