ఏటిగట్టు గండి

చీకటి పడితే పాపాఘ్ని ఏటి గట్టున ఆ గండి దగ్గరికి ఎవరూ పోయేవాళ్లు కాదు.

అది మనుషులు కట్టిన గట్టు కాదు. వరద వచ్చినప్పుడల్లా ఏరే ఒండ్రు తెచ్చి పోసి, తరతరాలుగా లేపుకున్న గట్టు. ఇసుక ట్రాక్టర్లకు దారి కావాలని దాన్ని అడ్డంగా కోసినారు. నెల తిరక్కముందే గట్టు విరిగి ఒక డ్రైవరు మీద పడింది. ఊపిరాడక చచ్చిపోయినాడు.

అప్పటినుంచి రాత్రిళ్లు అక్కడ మట్టి పడే చప్పుడు... తెల్లవారి చూస్తే గండి జానెడు పూడి ఉండేది. తన మీద పడిన మట్టిని చచ్చినోడే మోస్తాండాడని జనం అనుకున్నారు. ట్రాక్టర్లు ఆ పక్కకు రావడం మానేసినాయి.

గట్టు పక్కన చేనున్న హనుమంతప్ప ఒక్కడే నవ్వేవాడు. నలభై ఏండ్లుగా ఏటి ఒడ్డున కావలి పండుకుంటాండా, ఒక్క దెయ్యమన్నా నన్ను పలకరించలేదే అనేవాడు.

ఆ ఏడు ఎగువన వానలు దంచి కొట్టినాయి. రాత్రికి ఏరు వస్తుందని కబురు. నాలుగేండ్ల కరువు తర్వాత పండిన శనక్కాయ, పీకి వామి వేసింది, సరిగ్గా గండికి ఎదురుగా ఉండాది. నీళ్లు లోపలికి దూరితే ఇంటిల్లిపాది ఏడాది తిండి పోయినట్టే. హనుమంతప్ప పార భుజాన వేసుకొని తుంపరలోనే బయలుదేరినాడు.

గట్టెక్కేసరికి లాంతరు ఆరిపోయింది.

దబ్...

నిలబడిపోయినాడు. ఊపిరి బిగబట్టి విన్నాడు.

దబ్... దబ్...

మెరుపు మెరిసింది. గండిలో తెల్లగా ఏదో వంగింది... లేచింది. మెడ లేదు, మొహం లేదు — తెల్లని మూటకు కాళ్లు వచ్చినట్టు. హనుమంతప్ప పార ఎత్తి పట్టుకున్నాడు. వెనక్కి పోతే పంట పోతుంది. ముందుకు పోతే...

అది ఇటు తిరిగింది.

"నిలబడుకుంటే యట్లప్పా," గుసగుసగా అన్నది. "ఈ తట్ట అందుకో."

వానకు యూరియా సంచి తల మీదుగా కప్పుకొని, నల్లమ్మ. గట్టు కింద పల్లంలో గుడిసె వేసుకున్న కూలి మనిషి.

ఈ పని పగలే చేయరాదా అని అడిగినాడు అతను, తట్ట అందుకుంటూ.

"చేసినా. మర్సదినమే మళ్లా కోసినారు," అన్నది నల్లమ్మ. "మనిషి పూడిస్తే కోస్తారు. దెయ్యం పూడిస్తే ఎవరు కోస్తారప్పా?"

ఇద్దరూ మట్టి మోసినారు. తెల్లవారుజామున ఏరు వచ్చింది. పూడ్చిన గండి అంచుకు బెత్తెడు కిందుగా, రొదపెడుతూ పారింది.

వారానికి ట్రాక్టర్ల ఆసామి టీ అంగడికి వచ్చినాడు. దెయ్యం లేదనేవాడివి నువ్వొక్కడివే కదన్నా, నువ్వు తోడొస్తే మళ్లా దారి తీస్తాం అన్నాడు. అంగడిలో అందరూ హనుమంతప్ప వైపు తిరిగినారు.

అతను ఆసామి దగ్గరికి జరిగినాడు.

"లేదనే అనుకుంటి," అన్నాడు, గొంతు తగ్గించి. "మొన్న చూసినా... తల లేదప్పా దానికి."

ఆసామి గ్లాసు కింద పెట్టినాడు.

"నీ పేరే అడిగింది."