చింతపండుతో తోమిన తూటాలు

మా అత్తగారింట్లో దసరా అంటే ముందు చింతపండు నానబెట్టాలి. పులిహోర సంగతి తర్వాత. గుండిగలు, చెంబులు, దీపపు కుందులు, హారతి పళ్ళెం, గంట... ఇల్లంతా ఇత్తడే. నందివెలుగులో స్టీలు సామాను మధ్య పెరిగిన దాన్ని, నగరం అనే ఈ పల్లెటూరికి కాపురానికొచ్చాక ఏటా ఈ రోజుల్లో నా చేతులకి పులుపు వాసన వదిలేది కాదు. "నిన్ను చేసుకుంది కార్తీక్ కాదే, ఆ గుండిగలు" అని మా అక్క దేవకుమారి ఫోన్లో ఏడిపించేది.

అన్నీ నేనే తోమేదాన్ని. ఒక్క రైఫిలు తూటాలు మాత్రం అత్తయ్య వెంకటరత్నమ్మగారు ఎవర్నీ ముట్టనిచ్చేవారు కాదు. లంక పొలంలో అడవిపందులు పడి చేను పాడుచేస్తున్నాయని, మావయ్య జగన్నాథరావుగారి నాన్న ఎప్పుడో లైసెన్సు తీసుకుని కొన్న రైఫిలది. ఆయుధపూజకి దాన్నీ తూటాలనీ దేవుడి గదిలో పెట్టి, పూజ కాగానే ఒక్క తూటా చేలోకి వెళ్ళి గట్టు మట్టిలోకి పేల్చడం ఆ ఇంటి ఆనవాయితీ. చిత్రమేమిటంటే, అత్తయ్య తోమిన తూటాలు ఎప్పుడూ సగం నల్లగానే ఉండేవి. గిన్నె మీద చిన్న మరక కనిపిస్తే నన్ను రోజంతా సాధించే మనిషి, వీటి దగ్గర ఎందుకింత అశ్రద్ధగా ఉంటుందా అని లోపల నవ్వుకునేదాన్ని.

రెండువేల ఆరులో ఊరంతా చికున్ గున్యా వచ్చింది. మా అత్తయ్య మంచం పట్టారు. వేళ్ళు వంగవు, చెంబెత్తి నీళ్ళు తాగలేరు. దాంతో ఆ ఏడాది తూటాలు నా వంతుకొచ్చాయి. "చేస్తే చెయ్యి గానీ, సగం తోమి లేచిపో. పూర్తి చెయ్యకు" అన్నారు అత్తయ్య గోడవైపు తిరిగి. జ్వరం మాటలనుకున్నాను.

అంతకు ముందే పంచాయతీ ఎలక్షన్లని రైఫిలు పోలీసు స్టేషన్లో అప్పజెప్పి వెనక్కి తెచ్చుకున్నారు. అది తుడిపించడానికి మా ఆయన తెనాలి వెళ్ళి, తుపాకులు బాగుచేసే అబ్దుల్ షుకూర్‌గారికి చూపించి వచ్చారు. వంటింటి గడప మీద కూర్చుని ఆ కబుర్లు చెప్పారు.

"తూటాలు చూసి షుకూర్‌గారు మొహం మాడ్చుకున్నాడు దుర్గా. ఎక్కడ దాస్తారండీ ఇవి అన్నాడు. గొడ్ల సావిడి అటక మీద అన్నాను. గొడ్ల ఉచ్చ ఘాటుకి పాత ఇత్తడి చిట్లిపోద్దంట. మెడ దగ్గర వెంట్రుకంత గీత పడుద్దంట. చూసుకోకుండా పేలిస్తే మంట వెనక్కి వచ్చుద్దంట... పేల్చేవాడి మొహం మీదకి."

"పారెయ్యొచ్చుగా మరి?"

"తాతయ్య కొన్నవి. నాన్న ఒప్పుకుంటాడా? పైగా లైసెన్సు నా పేరు మీదకి మారింది. ఈసారి పేల్చేది నేనే. నీ కళ్ళు మంచివి గదా, తోమేటప్పుడు గీత ఉన్నవి ఏరి పక్కన పెట్టు. నా మొహం నీ చేతుల్లో ఉంది."

"అయితే ఈ వంకన ఆ మొహాన్ని కాస్త బాగుచేసి ఇస్తాను లెండి" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

పండగనాడు మధ్యాహ్నానికే మబ్బు కమ్మింది. వెనక వసారాలో పీట వేసుకుని కూర్చున్నాను. వెనక వంటింటి గుమ్మం, ముందు పెరడు, పెరటి చివర సావిడి. గేదెల్ని అమ్మేశాక అందులో మోటారు సైకిలు, పురుగుమందు డబ్బాలు తప్ప ఏమీ లేవు. పైన అటక మాత్రం అలాగే ఉంది.

కొబ్బరి పీచుకి చింతపండు, బూడిద పట్టించి ఒక్కో తూటా తోముతున్నాను. మట్టి రంగులోంచి పసుపు బయటికొస్తుంటే ముచ్చటగా ఉంది. ఒకదాని మెడ దగ్గర వెంట్రుక అంటుకుంది. నాదేమోనని గోటితో తీయబోయాను. రాలేదు. నీళ్ళతో కడిగాను. పోలేదు.

గీతే. దాన్ని స్టీలు గిన్నెలో వేశాను. ఇక ప్రతిదాన్నీ కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశాను. మరో రెండు దొరికాయి. అవీ గిన్నెలో వేశాను. మంచివి పళ్ళెంలో ఉన్నాయి. అత్తయ్య చెప్పిన మాట గుర్తుంది గానీ, తళతళలాడుతున్న వాటిని చూస్తే సగంలో వదలబుద్ధి కాలేదు. నా చేత్తో తోమిన ఇత్తడి మీద మరకుండటమా? నా రోషం నాది.

వాన మొదలైంది. కరెంటు పోయింది. ఇంట్లో చీకటి ఒక్కసారిగా గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

అప్పుడు వాసన తగిలింది. గొడ్ల ఉచ్చ వాసన. ముక్కులో మంట పుట్టి కళ్ళ నీళ్ళొచ్చేంత ఘాటు. సావిడి పెరటి చివర ఉంది, గాలి అటువైపే కొడుతోంది. వాసన మాత్రం నా వెనక నుంచి వస్తోంది... వంటింట్లోంచి.

"మెరిసిందా అమ్మాయ్?"

బొంగురు గొంతు. అత్తయ్య లేచొచ్చారనుకున్నాను. తిరిగి చూడకుండానే, "మెరిశాయి అత్తయ్యా, అద్దాల్లా ఉన్నాయి" అన్నాను.

"ఇటియ్యి."

పళ్ళెం వెనక్కి చాపాను. అందుకున్న వేళ్ళు నా వేళ్ళకి తగిలాయి. తడిగా, చల్లగా ఉన్నాయి. వాటికి చింతపండు పిప్పి అంటుకుని ఉంది.

"ఆ గిన్నె?"

"అందులోవి గీత పడ్డవి. కలపకండి."

గిన్నె కూడా నా చేతిలోంచి వెళ్ళిపోయింది.

చేతులు కడుక్కుంటూ ఉంటే తట్టింది. వేళ్ళు వంగని మనిషి... పళ్ళెం ఎలా పట్టుకుంది?

లాంతరు వెలిగించి అత్తయ్య గదికి పరిగెత్తాను. గోడవైపు తిరిగి పడుకునే ఉన్నారు. దుప్పటి కదిలినట్టు లేదు.

"మీరు లేవలేదా అత్తయ్యా?"

"నేనెక్కడ లేచానే."

దేవుడి గదిలోకి వెళ్ళాను. రైఫిలు పక్కన పళ్ళెం ఉంది. తూటాలన్నీ అందులోనే ఉన్నాయి. గిన్నె ఖాళీగా బోర్లించి ఉంది. ఒకటి తీసి చూశాను. గీత లేదు. ఇంకోటి, మరోటి... దేనికీ లేదు. అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి. ఏ మూడు చెడ్డవో నాకు తెలియలేదు. ఏడుపొచ్చింది. వెనక్కొచ్చి అత్తయ్య మంచం పక్కన కూలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాను.

ఆవిడ వంగని చేతులతోనే నా మణికట్టు నొక్కిపట్టారు.

"మెరిశాయన్నావా?" అన్నారు గుసగుసగా. "నేను ఇన్నేళ్ళూ ఒకటే మాట చెప్పాను. ఇంకా లేదత్తయ్యా అని. సగంలో లేచొచ్చేసేదాన్ని."

"ఎవరు అత్తయ్యా?"

"మా అత్తగారు. సుబ్బాయమ్మగారు. కళ్ళల్లో పొరలు కమ్మి చూపు ఆనేది కాదు. అయినా తూటాలు ఆవిడే తోమేది. వేళ్ళతో తడిమి, పక్కనున్న వాళ్ళని అడిగేది, మెరిసిందా అని. ఒక ఏడాది అలాగే అడిగింది. మెరిశాయన్నారు ఎవరో. చిన్నకొడుకు బాబూరావు పేల్చాడు."

"ఆయన జ్వరంతో పోయారన్నారుగా?"

"మొహం చూడనివ్వలేదమ్మా ఎవర్నీ..." అత్తయ్య కళ్ళు మూసుకున్నారు. "ఆ తర్వాత ఆవిడ బతికినన్నాళ్ళూ ఇత్తడి తోముతూనే ఉంది."

దేవుడి గదిలో గంట మోగింది. దుర్ముహూర్తం వస్తుందని మావయ్యగారు పూజ తొందరగా కానిచ్చేస్తున్నారు. గంట ఆగింది. నేను వెళ్ళేసరికి గదిలో ఎవరూ లేరు. పళ్ళెం ఉంది. రైఫిలు లేదు.

పరిగెత్తాను. చెప్పుల్లేవు. బురద. వాన కళ్ళల్లోకి కొడుతోంది. సావిడి దాటాను. ఆ ఘాటు నా పక్కనే పరిగెడుతోంది. గట్టు మీద మావయ్యగారు గొడుగు పట్టారు. గొడుగు కింద మా ఆయన. రైఫిలు ఎత్తి ఉంది. కుడి చెంప రైఫిలు చెక్కకి ఆనించి ఉంది. ఒక కన్ను మూసి ఉంది.

నా చెవి పక్కనే ఎవరో తృప్తిగా ఊపిరి వదిలారు.

"ఏవండీ!"

ఆయన ఉలిక్కిపడి తిరిగారు. వెళ్ళి గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని నేలకి వంచాను.

"ఏంటమ్మా ఈ పని? పండగపూట!" మావయ్యగారు కేకలేశారు.

"మావయ్యగారండీ... మెరిసిందా అమ్మాయ్ అని అడిగింది. నేను మెరిశాయన్నాను."

గొడుగు ఆయన చేతిలోంచి జారిపోయింది. ఆయన్ని ఆ ఇంట్లో ఎదిరించి మాట్లాడినవాళ్ళు లేరు. అలాంటి మనిషి నా మాట విన్నారు. కొడుకు చేతిలోంచి రైఫిలు తీసుకుని, బోల్టు మెల్లిగా లాగి, తూటా అరచేతిలోకి తీసుకున్నారు. పైకి బంగారంలా ఉంది. మెడ దగ్గర గోటితో కాస్త నొక్కారు. మెడ ఊడిపోయి చేతిలోకొచ్చింది. లోపలి మందు నల్ల ఆవాల్లా బురదలోకి రాలింది.

"తమ్ముడు కూడా ఇక్కడే..." అన్నారు మావయ్యగారు.

వాన తగ్గగానే ఆయన రైఫిలునీ మిగతా తూటాలనీ కారులో వేసుకుని స్టేషన్‌కి వెళ్ళి అప్పజెప్పేసి వచ్చారు. లైసెన్సు కూడా వద్దని మా ఆయన సంతకంతో రాసిచ్చారట. కరెంటొచ్చింది. మా ఆయన చక్రపొంగలి రెండుసార్లు వడ్డించుకున్నారు. ఆ మొహాన్ని చూస్తూ కూర్చున్నాను. ఎన్నిసార్లు చూసినా తనివి తీరలేదు. దానికి వంకలు పెట్టిన నా నోటిని నేనే తిట్టుకున్నాను.

"అన్నీ పోయాయి అత్తయ్యా, ఒక్కటి కూడా లేదు" అని ఆవిడకి అన్నం కలిపి పెడుతూ చెప్పాను.

ముద్ద మింగి నా వంక చూశారు. "తూటాలు పోయినయ్. మరి మెరిశాయన్న మాట?"

తెల్లారాక కాఫీ పట్టుకుని వెళ్ళాను. మా ఆయన వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నారు. కిటికీలోంచి ఎండ మొహం మీద పడుతోంది. కుడి చెంప మీద ఏదో పూసి ఎండిపోయినట్టుంది. నిన్నటి బురద కడుక్కోలేదా ఈ మనిషి అని విసుక్కుంటూ వంగాను.

బురద కాదు. పుల్లటి వాసన. చింతపండూ బూడిదా.

కొంగు తడిపి తుడిచాను. తేలిగ్గానే పోయింది. చెంప నున్నగా, కొత్తగా మెరిసింది. కంటి కింద నుంచి చెవి దాకా సన్నగా ఒక వెంట్రుక అంటుకుని ఉంది. నాదేమోననుకుని గోటితో తీయబోయాను.

రాలేదు.